తలుపు దగ్గర పెట్టె

జనవరి 4, శనివారం

సహోదర సంఘానికి అధ్యక్షుణ్ణయ్యాను. పోటీ లేదు.

పెద్దాయన తొమ్మిదేళ్ళు చేసి, మోకాళ్ళు సహకరించడం లేదని దిగిపోయాడు. నా పేరు ఆయనే చెప్పాడు. కార్యదర్శి బలపరిచాడు. వద్దనడానికి లేస్తున్నాను, ఈలోగా ఫాదర్ గారు "మీకూ కాస్త వ్యాపకం ఉన్నట్టుంటుంది" అన్నారు. అందరూ నేలకేసి చూశారు. ఇంక కాదనడానికి వీల్లేకపోయింది. మూడు నెలలుగా నేను కనబడితే జనం నేలకేసే చూస్తున్నారు.

టైలరు ఒక్కడే మామూలుగా మాట్లాడాడు. అధ్యక్షుడంటే పెళ్ళికొడుకు లాంటివాడట. ఒక్కరోజే మర్యాద, మర్నాటి నుంచి బిందెలు మోయాల్సిందేనట. నవ్వాను.

పదకొండేళ్ళుగా ఈ సంఘంలో ఉన్నాను. నెలలో మొదటి శనివారం, అయిదు గంటలు, చర్చి వెనక హాలు, ఇరవై నాలుగు కుర్చీలు. మా ఆవిడ దీన్ని మగాళ్ళ మఠం అనేది. "మఠానికి బయల్దేరారా? రాత్రికి భోజనమా, ఉపవాసమా?" అని అడిగేది. అధ్యక్షుణ్ణయ్యానంటే ఏమనేదో నాకు తెలుసు. రాయను.

జనవరి 5

పూజకి వెళ్ళాను. వచ్చి పడుకున్నాను.

జనవరి 6, సోమవారం

కార్యదర్శి షాపుకి వచ్చాడు. బేకరీ మూసి వచ్చేటప్పుడు చేతికున్న పిండి కూడా కడుక్కోలేదు. సంఘం ముద్ర, నియమావళి, హాజరు పట్టిక కౌంటరు మీద కళ్ళజోళ్ళ మధ్య పెట్టాడు. ఒక ముసలావిడ అద్దాల కోసం వచ్చి కూర్చుంది. ఆవిడ ముందే నాకు పాఠం చెప్పాడు.

అధ్యక్షుడు చేసే మొదటి పని ఏమిటంటే, వరసగా మూడు సమావేశాలకి రాని సోదరుడి ఇంటికి స్వయంగా వెళ్ళాలి. ఒంటరిగా వెళ్ళాలి. కారణం కనుక్కోవాలి. కార్యదర్శిని పంపకూడదు. పెద్దాయన తొమ్మిదేళ్ళలో పదహారు ఇళ్ళకి వెళ్ళాడట.

హాజరు పట్టికలో మూడు ఖాళీలు ఉన్నది ఒక్కరికే. తాళాలాయన. నవంబరు, డిసెంబరు, జనవరి. అంతకుముందు ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్క ఖాళీ లేదు.

తాళాలు, తాళంచెవులు చేస్తాడు కాబట్టి తాళాలాయన. సంఘంలో ద్వారపాలకుడు కూడా ఆయనే. తలుపు దగ్గర చెక్కపెట్టె ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ తన ఫోన్ అందులో పెట్టాలి. ఆయన మూత వేసి పక్కనే స్టూలు మీద కూర్చుంటాడు. ముగింపు కీర్తన అయ్యేదాకా ఎవరి ఫోనూ ఎవరికీ ఇవ్వడు. ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు ఇది.

ఒంట్లో బాగుండి ఉండదు. చూసి రావాలి. ఈ వారమే.

జనవరి 8

అమ్మాయికి ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తింది.

పంతొమ్మిదో తేదీన పదవీ స్వీకారం. కొత్త అధ్యక్షుడి మెడలో పతకం వేసేది అతని భార్య. అదీ ఇక్కడి పద్ధతి. భార్య లేనివాడు ఇంతవరకూ అధ్యక్షుడు కాలేదు. ఎవరు వేస్తారని కార్యదర్శి అడిగాడు. అమ్మాయి వేస్తుందని చెప్పేశాను, దాన్ని అడక్కుండానే.

విషయం చెప్పాను. ఆఫీసులో ప్లాన్లు గీసే పని చాలా ఉందంది. తర్వాత, "చూస్తాను నాన్నా" అంది.

వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి ఇలాగే మాట్లాడుతోంది. అడిగినదానికి మాత్రం జవాబు చెబుతుంది. ఆరోజు సమావేశం అవగానే ఇంటికి వెళ్ళాను. వెళ్ళేసరికే అయిపోయింది. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. దానికి ఇదంతా చెప్పాను.

జనవరి 10

తాళాలాయన ఇంటికి వెళ్ళలేదు. షాపులో పని.

జనవరి 12, ఆదివారం

పూజలో కనబడ్డాడు. చివరి బల్ల, గోడ వైపు. ఫాదర్ గారి ఆశీర్వాదం కాగానే పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. పరిగెత్తి పట్టుకోవచ్చు. పరిగెత్తలేదు.

టైలరు చూశాడు. "ద్వారపాలకుడే పక్క తలుపులోంచి పోతుంటే ఇక మనం కిటికీలోంచి దూకాలేమో అన్నా" అన్నాడు.

మనిషి నడక బాగానే ఉంది. జబ్బులా లేదు.

జనవరి 14, మంగళవారం

వెళ్ళాను.

ముందు కొట్టు, వెనక ఇల్లు. మూడు గోడలకీ మేకులు, మేకులకి తాళంచెవుల గుత్తులు. నడిచేటప్పుడు భుజం తగిలితే అన్నీ ఒకేసారి కదులుతాయి. ఆయన బల్ల మీద కొత్త తాళంచెవిని బిగించి ఆకురాయితో పళ్ళు తీస్తున్నాడు. "రండి అధ్యక్షులవారూ" అన్నాడు. ఎగతాళి లేదు. ఆయన భార్య స్టూలు తెచ్చి వేసి, నన్ను చూసి, నేల చూసి, లోపలికి వెళ్ళింది.

నియమావళి సంగతి ఎత్తాను. మూడు సమావేశాలు, అధ్యక్షుడి బాధ్యత, వగైరా.

"మూడు. నాకూ తెలుసు" అన్నాడు.

ఒంట్లో ఎలా ఉందని అడిగాను. ఒంటికేం, గుండ్రాయిలా ఉందన్నాడు. మరి ఇంకేమిటి అన్నాను. తాళంచెవిని విప్పి, వెలుతురుకి పెట్టి చూసి, మళ్ళీ బిగించాడు. అప్పుడు చెప్పాడు, నా వైపు చూడకుండా.

"ఆరోజు పెట్టె గరగరలాడింది సారూ. మూత తీశాను. పైనే మీ ఫోన్. ఇల్లు అని పడింది. మూసేశాను. కాసేపటికి మళ్ళీ. లోపలికి వినబడుతుందేమోనని మూత మీద చెయ్యి పెట్టి నొక్కి కూర్చున్నాను. అలా నొక్కి కూర్చున్నాను సారూ."

నేను వెంటనే జవాబిచ్చాను. ముందే తయారుగా ఉన్నట్టు వచ్చింది నోట్లోంచి. అది వేరే విషయం, కూరగాయలేవో తెమ్మని చేసింది, తర్వాత నేను మాట్లాడాను, అప్పటికి బాగానే ఉంది, ఆ తర్వాతే పడుకుని నిద్రలో పోయింది.

"మాట్లాడారా?" అన్నాడు.

"మాట్లాడాను."

నన్ను చూశాడు. నేను ఆయన్ని చూడలేదు. గోడ మీద గుత్తుల్ని చూశాను.

"సరే సారూ" అని ఆకురాయి అందుకున్నాడు.

ఆయన మనసు తేలిక చేద్దామనే అలా అన్నాను.

జనవరి 15

తేలిక చెయ్యలేదు. నేను ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డప్పుడు ఆయన ఎదురుగానే ఉన్నాడు. అవతల ఎవరూ ఎత్తలేదని ఆయనకి తెలుసు.

ఇంకొకటి. పెట్టె ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటని రాశాను ఇక్కడే. మూడేళ్ళ కిందటిది. ప్రతిపాదించింది నేను. సమావేశం మధ్యలో ఫోన్లు మోగుతుంటే చిరాకేసి, వాక్యం కూడా నేనే రాసి ఇచ్చాను. 'ఏ కారణం చేతనైనా సరే తెరవరాదు' అని. 'ఏ కారణం చేతనైనా సరే' అన్న ముక్క పెద్దాయనకి అంత నచ్చలేదు. నేనే పట్టుబట్టాను.

మరుసటి ఏడాది టైలరు తమ్ముడు స్కూటరు మీంచి పడ్డాడు. తాళాలాయన పెట్టె తెరిచి టైలర్ని మెల్లగా బయటికి పిలిచాడు. తీరా చూస్తే మోచెయ్యి గీరుకుంది, అంతే. ఆరోజు ఉపాధ్యక్షుడి హోదాలో నేను లేచాను. "తలుపు దగ్గర కూర్చున్న మనిషికే నియమం లేకపోతే ఇక తలుపెందుకు?" అన్నాను. అందరి ముందూ. బాగా చెప్పావని భుజం తట్టారు. ఆయన నిలబడి తప్పు నాదే అన్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద.

ఇంటికొచ్చి ఆ మాట ఆవిడకి గొప్పగా చెప్పాను. ఆవిడ పిల్లల లెక్కల పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను ఎత్తకుండానే, "పాపం" అంది. ఎవర్ని అందో అడగలేదు.

జనవరి 19, ఆదివారం

రెండో పూజ తర్వాత పదవీ స్వీకారం. అమ్మాయి ఉదయం బస్సుకే వచ్చింది. బూడిదరంగు చీర, వాళ్ళమ్మది. ఫాదర్ గారు పతకం మీద తీర్థం చల్లి దాని చేతికిచ్చారు. నీలం రిబ్బను. వెనక కొక్కెం పడలేదు. రెండుసార్లు జారింది. దాని వేళ్ళు నా మెడకి చల్లగా తగిలాయి. మూడోసారికి పడింది. చప్పట్లు కొట్టారు. అది పతకాన్ని చూసింది, నన్ను చూడలేదు.

పీఠం ముందు నిలబడి ప్రమాణం చదివాను. 'సోదరుని భారం నా భారం' అన్న చోట ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివాను. జనం ఆవిడ గుర్తొచ్చిందనుకుని ఉంటారు. ఆ సమయానికి నాకు గుర్తొచ్చింది ఆవిడ కాదు. చివరి బల్లలో గోడ పక్క చోటు ఖాళీగా ఉంది.

ఇంటికొచ్చి తిన్నాం. అమ్మాయి గిన్నెలు కడిగింది. సింకు దగ్గర ఎక్కువసేపు నిలబడింది. వాళ్ళమ్మ బీరువా తెరిచి, ఏమీ తియ్యకుండా మూసింది. సంచిలోంచి దువ్వెన తీస్తుంటే అందులో ఇంకో ఫోన్ కనబడింది. వాళ్ళమ్మది. ఆ రోజునే తీసుకెళ్ళింది, గుర్తుగా ఉంచుకుంటానని. తెర వెలుగుతోంది. ఇన్నాళ్ళ తర్వాత కూడా ఛార్జింగ్ పెడుతోంది.

అందులో ఏముందో నాకు తెలుసు. దానికీ తెలిసే ఉంటుంది. అందుకే ఈ ముభావం.

బస్సు దగ్గర, "ఏమన్నా చెప్పాలా నాన్నా?" అంది.

ఏముంటుంది, జాగ్రత్తగా వెళ్ళు అన్నాను. తల ఊపి ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. నా వైపు కాదు, అవతలి వైపు.

జనవరి 20

కంటి పరీక్షకి గడువొచ్చిన వాళ్ళ కార్డులు తీశాను, ఫోన్లు చెయ్యడానికి. జనవరి కట్టలో ఆవిడ కార్డు వచ్చింది. ఫిబ్రవరి కట్టలో పెట్టాను.

జనవరి 27, సోమవారం

అక్టోబరు 5. రాస్తాను.

రెండు వారాలుగా ఆయాసమంటోంది. గ్యాస్ అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. ఆ శనివారం మధ్యాహ్నం, వెళ్ళకపోతే ఏం అంది. ఆ మాట నిజంగా అందా, హాస్యానికి అందా? ఎప్పుడూ అనే మాటే. వెళ్ళాను.

5:40. 5:44. 5:52.

సమావేశం ఆరూ పదికి ముగిసింది. ముందు పేజీల్లో 'అవగానే' అని రాశాను. అవగానే కాదు. టీ తాగాను. బల్లలకి ఏ రంగు వేయించాలని కార్యదర్శితో మాట్లాడాను. ఆరున్నరకి పెట్టెలోంచి ఫోన్ తీసుకున్నాను. చూశాను. చేశాను. ఎత్తలేదు. ఎదురుగా తాళాలాయన. ఇల్లు పన్నెండు నిమిషాలు.

వంటింట్లో, సింకు పక్కన, నేల మీద. ఫోన్ చేతి కింద ఉంది.

ఎత్తి మంచం మీద పడుకోబెట్టాను. డాక్టరు తర్వాత వచ్చాడు. అమ్మాయి ఇంకా తర్వాత వచ్చింది. నిద్రలో పోయిందని చెప్పాను. ఎందుకలా చెప్పానో తెలియదు. దుప్పటి కప్పి ఉంది, నిద్రపోతున్నట్టే ఉంది, నోటికొచ్చింది. ఒకసారి చెప్పాక ఆ మాటే నిలబడిపోయింది.

డాక్టర్ని నేను ఒక్కటే అడిగాను. ఐదూ నలభైకి మనిషి పక్కనుంటే? ఆయన, ఇప్పుడవన్నీ ఎందుకండీ అన్నాడు.

ఫిబ్రవరి 1, శనివారం

అధ్యక్షుడిగా మొదటి సమావేశం. ఇరవై ముగ్గురం. తలుపు దగ్గర స్టూలు మీద టైలరు.

పరలోక జపం, హాజరు, పోయిన నెల తీర్మానాలు. తర్వాత నేను లేచి, పెట్టె తీసేద్దామని ప్రతిపాదించాను.

ఎవరికీ అర్థం కాలేదు. "నువ్వు పెట్టిందే కదయ్యా" అన్నాడు పెద్దాయన. ఈ మూడేళ్ళలో సంఘం ఒక దారిన పడిందంటే ఆ పెట్టె వల్లేనన్నాడు. నా వల్లేనని కూడా అన్నాడు. మనం కట్టిన గోడ మనమే పడగొట్టుకోవడం ఏమిటని ఇంకొకరు. అమ్మయ్య, ఈ గంటన్నరైనా ఇంటి ఫోన్లు రాకుండా ఉంటున్నాయి, దాన్నీ తీసేస్తారా అని టైలరు. నవ్వారు.

కార్యదర్శి పెన్ను పట్టుకుని, "కారణం ఏమని రాయను?" అన్నాడు.

ఇరవై రెండు మొహాలు. ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్కడూ రాలేదు. నోరు తెరిచాను. మూడు అంకెలు చెబితే చాలు.

"కారణం ఏం లేదు. ఊరికే అనిపించింది" అన్నాను.

నాలుగు చేతులు లేచాయి. అందులో ఒకటి నాది. మిగతా ముగ్గురూ నా మీద జాలితో ఎత్తారు. ప్రతిపాదన వీగిపోయిందని రాసిన పేజీ మీద నేనే సంతకం పెట్టాను.

తర్వాత కార్యదర్శి ఒక కవరు ఇచ్చాడు. తాళాలాయన రాజీనామా. 'వయసు మీద పడింది, తలుపు దగ్గర కూర్చోలేను, సంఘం నుంచి సెలవు ఇప్పించగలరు.' కూర్చోలేనివాడు రోజంతా ఆ బల్ల ముందు ఎలా కూర్చుంటున్నాడని ఎవరూ అడగలేదు. కింద గీత గీసి ఉంది, 'అంగీకరించడమైనది, అధ్యక్షుడు' అని. పది రోజుల్లో సంతకం పెట్టివ్వాలట.

జేబులో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 3

సంతకం పెట్టలేదు. ఫిబ్రవరి కార్డులు తీశాను. ఆవిడది మార్చిలో పెట్టాను.

ఫిబ్రవరి 5

సంతకం పెడితే ఆయన ఇక రాడు. పదో తేదీ దాకా ఉంది.

పెట్టకపోతే వెళ్ళి మాట్లాడాలి. వెళితే నిజం చెప్పాలి. ఇంకోసారి కూరగాయల మాట చెప్పలేను.

ఫిబ్రవరి 8, శనివారం

మధ్యాహ్నం అమ్మాయి చెప్పకుండా వచ్చింది. ఇంటికి కాదు, నేరుగా షాపుకి. తలనొప్పిగా ఉంటోంది, గీతలు రెండుగా కనబడుతున్నాయి, కళ్ళు చూడు నాన్నా అంది.

లోపలి గదిలో కూర్చోబెట్టాను. చిన్న గది. అక్షరాల పలక కుర్చీకి వెనక, పైన ఉంటుంది. మనిషి ఎదుటి గోడనున్న అద్దంలో దాన్ని చదువుతాడు. లైటు ఆర్పేస్తే పలక ఒక్కటే వెలుగుతుంది. పరీక్ష ఫ్రేము దాని ముక్కు మీద పెట్టాను. బరువుగా ఉందంది. అందరికీ అలాగే ఉంటుంది అన్నాను. ఎడమ కన్ను మూసి, కుడి కంటికి అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతున్నాను. రెండోది. మొదటిది. రెండూ ఒకటే.

అద్దంలోకి చూస్తూనే అంది, "అమ్మ ఫోన్ నా దగ్గర ఉంది."

తెలుసన్నాను.

"నీకు మూడుసార్లు చేసింది."

చేతిలో అద్దం ఉంది. దాన్ని అద్దాల పెట్టెలో దాని గాడిలో పెట్టాను. "చేసింది" అన్నాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"నిద్రలో పోయిందని ముందే చెప్పేశాను. దాన్ని వెనక్కి తీసుకోవడం చేతకాలేదు."

నన్ను తిడుతుందనుకున్నాను. నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న తిట్లు. అవి రాలేదు. కింద వరస చదవమంటే చదివింది, రెండు అక్షరాలు తప్పు. తర్వాత, అదే గొంతుతో, ఇంకో వరస చదువుతున్నట్టు, "వాటిపైన ఇంకోటి ఉంది నాన్నా. నాలుగోది. నాకు" అంది.

తర్వాతి అద్దం తీసి, పెట్టకుండా పట్టుకున్నాను.

"ఆఫీసులోనే ఉన్నాను. ఫోన్ బల్ల మీదే ఉంది. అమ్మ అని చూశాను. ఆ ఉదయమే సంబంధం గురించి పోట్లాడుకున్నాం. మళ్ళీ అదే పాట మొదలెడుతుందనుకుని ఫోన్ బోర్లా పెట్టేశాను. చూసే పెట్టేశాను నాన్నా."

ఇన్నాళ్ళూ దాని మౌనం నా మీద కోపమనుకున్నాను. నా మూడూ చూపిస్తే దాని ఒకటీ చూపించాలి. అందుకని రెండు ఫోన్లు మోసుకు తిరుగుతోంది.

అది వేరే విషయానికి చేసి ఉంటుందిలే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అచ్చం అదే మాట. తాళాలాయన కొట్లో ఆ మాట అన్నాక ఆయన మొహం ఎలా అయిందో చూడకుండా గోడకేసి చూశాను. ఇవాళ అద్దంలో అమ్మాయి మొహం నాకు కనబడుతూనే ఉంది, ఒక కన్ను మూసి.

"నాకు మొదటిది ఐదూ నలభైకి" అన్నాను.

"తర్వాత నలభై నాలుగు" అంది.

"తర్వాత యాభై రెండు."

"నాది యాభై అయిదు."

అంతే. ఇద్దరం వరసగా చెప్పుకున్నాం. ఆవిడ లెక్కల టీచరు. తప్పు ఉంటే దిద్దేది. ఒక్క తప్పు లేదు.

తర్వాత అడిగింది, నేను చెప్పాను. వంటిల్లు, సింకు, నేల. కుళాయి కట్టేసి ఉంది. మంచం మీదకి నేనే మార్చాను. టీ సంగతి కూడా చెప్పాను.

"టీ తాగావా?" అంది.

"తాగాను."

అప్పుడు ఏడ్చింది. ఫ్రేము తియ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక కంటికి నల్ల బిళ్ళ, ఒక కంటికి మూడు అద్దాలు, అలాగే కూర్చుని ఏడ్చింది. నేను దాని వెనక నిలబడ్డాను. బయట ఎవరో వచ్చి కౌంటరు మీద తట్టి వెళ్ళిపోయారు.

కళ్ళు తడిగా ఉంటే పవర్ సరిగ్గా రాదు. రేపు చూద్దామన్నాను. బస్సుకి వెళ్ళలేదు. ఇంటికొచ్చింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

కుడి మైనస్ అర, ఎడమ మైనస్ ముప్పావు. కొద్దిగానే. కొత్త కార్డు రాశాను.

పూజ తర్వాత తాళాలాయన ఇంటికి బయల్దేరాను. తనూ వస్తానంది. ఒంటరిగా వెళ్ళాలని నియమం అన్నాను. అలాగే చూసింది నన్ను, వాళ్ళమ్మ చూసినట్టు. అయినా కొట్టు కనబడే మలుపు దగ్గర ఆగిపోయింది.

ఆదివారం కూడా కొట్టు తీసే ఉంది. ఎవరిదో అర్జెంటు తాళంచెవి. రాజీనామా కాగితం సంతకం లేకుండా బల్ల మీద పెట్టాను. చూశాడు, తీసుకోలేదు.

నిలబడే చెప్పాను.

"ఆరోజు మీతో అబద్ధం చెప్పాను. కూరగాయల కోసం కాదు. నేను మాట్లాడనూ లేదు. మూడుసార్లు చేసింది, నాకు అందలేదు. పెట్టె నేను పెట్టించింది. మీరు నేను చెప్పినట్టే చేశారు."

ఆకురాయి ఆడుతూనే ఉంది. కాసేపటికి ఆగింది.

"మూడా?" అన్నాడు.

"మూడు."

"నాకు రెండే వినబడ్డాయి. మూడోది ఎప్పుడు?"

ఐదూ యాభై రెండుకి అన్నాను. కళ్ళు చిట్లించి లెక్క వేసుకున్నాడు. దేని తర్వాత ఏది జరుగుతుందో ఇరవై ఒక్క ఏళ్ళు ఆ తలుపు దగ్గర కూర్చుని విన్నవాడు.

"అప్పుడు అందరం లేచి నిలబడి ఉన్నాం సారూ. నేనూ స్టూలు దిగాను. రోగుల కోసం ప్రార్థన నడుస్తోంది."

"అవును."

"చదివింది..." అని ఆగిపోయాడు.

"నేనే" అన్నాను. "ఉపాధ్యక్షుడే కదా చదివేది. గట్టిగానే చదివాను."

ఆయన బల్ల మీది ఇనుప రజను అరచేత్తో ఒక పక్కకి నెట్టాడు, మళ్ళీ నెట్టాడు, అక్కడ ఇక రజను లేదు. నేను నిలబడే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. గడియారం చూసుకోలేదు.

తర్వాత తలెత్తి నా భుజం మీంచి వీధిలోకి చూశాడు.

"అమ్మాయిని ఎండలో నిలబెట్టారేం సారూ" అన్నాడు. "లోపలికి రమ్మనండి."